బండి ఆగితే ఎవరొస్తారు?

ఆదివారం పొద్దున కారు మీది ఎర్రదుమ్ము తుడుస్తుంటే ఇంట్లో మా ఆయన ఫోను మోగింది. మనిషి పోయి ఏడు నెలలైనా ఆ ఫోనుకు రీచార్జి చేస్తున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. తడిగుడ్డ బానెట్ మీద వదిలేసి లోపలికి వెళ్ళేసరికి బావగారు ఫోనెత్తి స్పీకరు పెట్టేశారు. అవతల ఒక అమ్మాయి "సిద్దేశ్ సర్ ఇద్దారా?" అని, సార్ ఉన్నారా అని కన్నడంలో అడుగుతోంది. దారిలో కారు ఆగిపోతే మెకానిక్కును పంపే కంపెనీ వాళ్ళట. సర్ మెంబర్‌షిప్ గురువారంతో ముగుస్తుంది, ఇంకో ఏడాదికి కడతారా అని ఆమె ప్రశ్న. తర్వాత చెబుతామని బావగారు పెట్టేశారు.

బావగారంటే మా ఆయనకు అన్న, హంపయ్య. ఆదివారాలు వాళ్ళమ్మను చూడటానికి బ్రూస్‌పేట నుంచి గాంధీనగర్‌లోని మా ఇంటికి వస్తారు. నేను చేసిన ఉగ్గాని, బజ్జీ తింటూ మొదలుపెట్టారు.

"అమ్మేసే బండికి మెంబర్‌షిప్ ఏందమ్మా నేత్రా? పన్నెండు వందలు దండగ. బుధవారం సాయంత్రం కెంచప్ప వస్తాండాడు. బండి సూసుకోని అడ్వాన్సు ఇచ్చిపోతాడు."

"అమ్ముతానని నేను చెప్పలేదు బావా."

"చెప్పేదేముండాది? నిన్నగాక మొన్న నేర్చినావు. ఆ లారీల రోడ్లో బండి ఆగితే ఎవురొస్తారు? నాకే కదా ఫోన్ చేస్తావు. నాకు పనులుండవా?" బజ్జీ తుంచి నోట్లో వేసుకున్నారు. "వాడుంటే అది వేరే మాట."

మంచం మీద కూర్చున్న మా అత్త దురుగమ్మ నా వైపు ఒకసారి, కొడుకు వైపు ఒకసారి చూసి, ఇంకో వక్క నోట్లో వేసుకుంది.

నేను కూరెకుప్ప బడిలో లెక్కలు చెబుతాను. బస్సులో వెళ్ళి రావడానికి రోజుకు నాలుగు గంటలు పట్టేది. కారు నడపడం మొదలుపెట్టిన ఈ మూడు వారాల్లో అందులో సగం మిగులుతోంది. మిగిలిన ఆ సమయంలో నేనేమీ చేయను. సాయంత్రం ఇంటికి వచ్చి, ఎవరికీ చెప్పకుండా, కారులోనే కాసేపు కూర్చుంటాను. ఆ కాసేపట్లో కుక్కర్ పెట్టమని, మాత్ర ఇమ్మని, ఉతికిన చొక్కా ఎక్కడుందని ఎవరూ అడగరు. పెళ్ళయ్యాక నాకు దొరికిన మొదటి ఖాళీ అది. బావగారు అమ్ముతానంటున్నది దాన్ని. ఆయనకు ఆ సంగతి తెలియదు. నేనూ చెప్పలేను. పనిలేకుండా కూర్చోవడానికి కారు కావాలని ఏ నోటితో చెప్పడం?

గిన్నెలు తోముతూ బావగారి ప్రశ్ననే మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. బండి ఆగితే ఎవరొస్తారు? ఇరవై రెండేళ్ళ కాపురంలో మా బండి ఆగినప్పుడల్లా వచ్చింది నేనే. వచ్చిందంటే, ముందు సీట్లోంచి దిగి వెనక్కి వచ్చింది. ఎప్పుడు బ్యాటరీ దిగిపోతుందో తెలియని పాత కారు మాది. మా ఆయన స్టీరింగు దగ్గర కూర్చుంటే నేను కొంగు నడుముకు చుట్టి వెనక నుంచి తోసేదాన్ని. 'నీకు స్టీరింగ్ పట్టేది రాదు కదా' అనేవారు. నిజమే, రాదు. నేర్పమంటే, 'నేనుండంగా నీకెందుకు ఆ తిప్పలు' అనేవారు. ఆ మాటలో ప్రేమ ఉంది. ఉంది కాబట్టే నేను రెండోసారి అడగలేకపోయాను. పెళ్ళిళ్ళలో నలుగురి ముందూ నవ్వుతూ చెప్పేవారు, 'మా టీచరమ్మ తోస్తే బండికి పెట్రోలే అక్కర్లేదప్పా' అని. అందరూ నవ్వేవాళ్ళు. వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని. మెంబర్‌షిప్ నాలుగేళ్ళు కడుతూనే వచ్చారు, కార్డు డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది. ఒక్కసారీ వాడలేదు. ఆ నంబరుకు ఫోన్ చేయండి అని ఒకసారి నేనంటే, 'వాళ్ళొచ్చేది ఎప్పుడో. నువ్వు నాలుగడుగులు తోస్తే అయిపోతాది' అన్నారు.

అది మే నెల. తోరణగల్లులో పెళ్ళికి పోతున్నాం. కట్టుకున్నది పట్టుచీర. లారీల వాళ్ళు వేగం తగ్గించి మరీ చూసి పోతున్నారు. ఇంజను అందుకోగానే కారు నా చేతుల కిందినుంచి ముందుకు దూకింది. ఎప్పుడూ అంతే. నా దగ్గర ఆపితే మళ్ళీ ఆగిపోతుందని, రెండు ఫర్లాంగులు పోయి ఏదైనా చెట్టు నీడ చూసి నిలబెట్టేవారు. నేను నడవాలి. కారు వెనక అద్దంలోంచి కనబడే ఆయన తలను చూస్తూ నడిచేదాన్ని. చేరుకున్నాక లోపలి నుంచి తలుపు తీసి, నీళ్ళ సీసా మూత తిప్పి అందించేవారు. చెడ్డ మనిషి కాదు. ఆ మూత తిప్పి ఇవ్వడం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఏడు నెలల కిందట ఆఫీసులో కుర్చీలోనే పోయారు. ఆసుపత్రి నుంచి తెస్తున్నప్పుడు అంబులెన్సు వెనక ఆటోలో వస్తూ, మళ్ళీ ఇదే కదా అనుకున్నాను. ముందు ఆయన బండి, వెనక నేను. కాకపోతే ఈసారి ఏ చెట్టు కిందా ఆగరు.

మూడో నెల దాటాక, ఎవరినీ అడగకుండా, బ్రూస్‌పేటలో హుసేనప్ప దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నాను. "క్లచ్చి మీద అంత కోపమేందమ్మా, నిదానంగా ఇడు" అనేవాడు ఆ పెద్దాయన. క్లచ్ నిదానంగా వదలడం నాకిప్పటికీ పూర్తిగా రాదు.

బుధవారం పొద్దున బడికి పోతూ కుడితిని దాటాక ముందున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు వేయడంలో తడబడ్డాను. ఇంజను ఆగిపోయింది. పల్లం కాబట్టి కారును దొర్లించుకుంటూ రోడ్డు పక్క మట్టిలోకి తెచ్చాను. తాళం తిప్పితే టిక్కుమని చప్పుడు చేసి ఊరుకుంది. నా చెయ్యి అలవాటు కొద్దీ తలుపు తీసింది. దిగి వెనక్కి వెళ్ళి, కొంగు నడుముకు చుట్టి, డిక్కీ మీద రెండు అరచేతులూ ఆనించి నిలబడ్డాను. స్టీరింగు దగ్గర ఎవరూ లేరని అప్పుడు గుర్తొచ్చింది.

ఎంతసేపు అలా నిలబడ్డానో తెలియదు. ఇనుము వేడెక్కి చేతులు చురుక్కుమంటే తీశాను. ఫోనులో బావగారి నంబరు తీశాను. 'చెప్తినా లేదా' అన్న మాట ఆయన అనకముందే వినబడింది. ఆ నంబరు వదిలేసి, డ్యాష్‌బోర్డు అరలోంచి కార్డు తీసి దానిమీది నంబరు నొక్కాను.

అవతలి అమ్మాయి మెంబర్ పేరు చెప్పమంది. మా ఇళ్ళల్లో మొగుడి పేరు పలకరు. తరగతిలో ఆ పేరున్న పిల్లవాడిని కూడా హాజరు నంబరుతోనే పిలుస్తూ వచ్చాను. రోడ్డు పక్కన, లారీల మోతలో, ముక్కూ ముఖం తెలియని అమ్మాయికి ఆయన పేరు చెప్పాను.

"సిద్దేశ్."

"సర్‌కు ఫోన్ ఇవ్వండి మేడమ్" అంది కన్నడంలో.

"ఆయన లేరు. పోయారు." ఆ మాట కూడా నేను బయటికి అనడం అదే మొదలు. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరు నా తరఫున చెబుతూ వచ్చారు.

ఆమె గొంతు తగ్గించి అడిగింది. "బండి దగ్గర ఎవరున్నారు మేడమ్?"

"నేనున్నాను."

మెంబర్‌షిప్ బండికే, మనిషికి కాదు కాబట్టి ఇబ్బంది లేదని, మనిషిని పంపుతున్నామని చెప్పింది. నలభై నిమిషాలకు మోటారుసైకిల్ మీద ఈరేష్ అనే మెకానిక్ వచ్చాడు. నా వయసువాడే, జేబులో స్క్రూడ్రైవర్లు.

"డ్రైవర్ యాడ మేడమ్?"

"నేనే."

"అట్లనా" అని బానెట్ ఎత్తాడు. ఎందుకు ఆగింది, ఈ రోడ్లో ఎవరు నడపమన్నారు, ఇంట్లో మగవాళ్ళు లేరా, ఏమీ అడగలేదు. సాయం చేసే మనిషి మాట అనకుండా కూడా చేయగలడని నాకు కొత్తగా తెలిసింది. ఇది ఒక్కటే చాలు, పన్నెండు వందలు ఇవ్వొచ్చు అనిపించింది.

"బ్యాటరీ దిగింది మేడమ్. దానికి కరెంటు ఎక్కించే నా బూస్టర్ పొద్దున్నే ఇంకో బండికి వాడితే చార్జి అయిపోయె. కొంచెం తోస్తే పట్టుకుంటాది."

నేను కొంగు సర్దుకుని వెనక్కి నడిచాను.

"ఓ మేడమ్, ఈడికెందుకు వస్తారు? మీరు స్టీరింగ్ కాడ కూర్చోండి. తోసేది నా పని. సెకండ్ గేర్లో పెట్టి క్లచ్చి తొక్కి పట్టుకోండి. నేను ఇడు అంటే ఇడండి."

కూర్చున్నాను. బండి కదిలింది. "ఇడు!" అన్న కేక వినబడింది. హుసేనప్ప చెప్పినట్టు కాకుండా నా పద్ధతిలోనే వదిలాను. కారు ఒక్కసారి ఎగిరి, దగ్గి, అందుకుంది. భయంతో ముందుకు పోనిచ్చాను. చాలా దూరం పోయాక తల ఎత్తితే ఎదురుగా చిన్న అద్దం. అందులో ఈరేష్, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ, చిన్నగా, స్పష్టంగా కనబడుతున్నాడు. ముందు కూర్చున్న వాళ్ళకు వెనకంతా కనబడుతుందని ఆ క్షణంలో తెలిసింది. ఇన్నేళ్ళూ నాకు ఆయన తల వెనకభాగమే కనబడింది. ఆయనకు ఈ అద్దంలో నేను మొత్తం కనబడుతూ ఉండి ఉంటాను. చూశారో లేదో తెలియదు.

బ్రేకు మీద కాలు పెట్టాను. కారు వణికింది. ఆగిపోతుందని కళ్ళు మూసుకున్నాను. ఇంజను ఆగలేదు. రివర్స్ గేరు వేసి, మెడ తిప్పి చూసుకుంటూ, మట్టిదారిలో మెల్లగా వెనక్కి వచ్చాను.

"అయ్యో, మీరెందుకు వెనక్కొస్తిరి మేడమ్? నా బండి ఈడే ఉండాది కదా!" అని నవ్వాడు ఈరేష్.

"రావచ్చో లేదో చూద్దామని" అన్నాను.

నీళ్ళ సీసా మూత తిప్పి అతనికి అందించాను. పోయిన మనిషి మీద నేరం మోపడం నాకిష్టం లేదు. వెనక్కి రావచ్చని ఆయనకు తోచలేదేమో. రమ్మని నేనూ ఎన్నడూ అడగలేదు. కానీ రావచ్చు. అంత దూరం నడవాల్సిన అవసరం ఎప్పుడూ లేదు.

దారిలో ఇంజను ఆపకుండా బడికి చేరాను. ఆ రోజు ఈరేష్ మధ్యాహ్నం బడికే వచ్చి కొత్త బ్యాటరీ బిగించి పోయాడు. విరామంలో కంపెనీకి ఫోన్ చేసి ఏడాదికి కట్టేశాను. అదే పేరు మీద ఉంచాలా అని అడిగారు. మార్చమన్నాను. నేత్రావతి అని ఒక్కో అక్షరం చెప్పి రాయించాను. ఆయన ఫోనుకు మాత్రం రీచార్జి ఆపను. అది వేరే సంగతి.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వరండాలో బావగారు, పక్కన కెంచప్ప ఉన్నారు. కారు అమ్మడం లేదని కెంచప్పకు చెప్పి, టీ తాగి వెళ్ళమన్నాను.

"దారిలో ఆగితేనో?" అన్నారు బావగారు.

"ఈ పొద్దు ఆగింది బావా. ఫోన్ చేస్తే వచ్చినారు. బడికి కూడా టైముకే పోయినా." బడికి టైముకు పోలేదు. ఆ ఒక్కటీ అబద్ధం.

ఆయన ఏదో అనబోయేలోపల లోపలి నుంచి అత్త పిలిచింది.

"నేత్రా, వచ్చే ఆదివారం నన్ను కురుగోడుకు పిల్చుకపోతావా? మా చెల్లెల్ని సూసి రెండేండ్లాయె. వీన్ని అడిగితే ఎప్పుడూ పనుండాదంటాడు." కొడుకు వింటున్నాడని తెలిసీ గొంతు తగ్గించలేదు. "మీ మామ ఎద్దులబండి రేగడి బురదలో దిగబడితే చక్రం పట్టి ఎత్తేది నేనే. ఆయప్ప పగ్గాలు పట్టుకోని పైనే కూర్చునేటోడు. ఇప్పుడు నాకు చాతకాదు. బండి ఆగితే నేను దిగి తోయలేను, ముందే చెప్తాండా."

"నువ్వు దిగే పన్లేదత్తా" అన్నాను.