ఎడ్నా పాడని ఏళ్ళు

కుమారమ్మ వంటింట్లో మునక్కాడలు కోస్తోంది. హాల్లో కోడలు అమూల్య, ఒళ్ళో పాపని పెట్టుకుని, టేప్‌రికార్డరు వింటోంది. వాయిద్యం లేదు. ముసలి గొంతు ఒక్కటే, ఇంగ్లీషులో. కుమారమ్మకి ఒక్క మాటా అర్థం కాలేదు. అయినా ఆ గొంతు చరణం చివర ఆగినప్పుడల్లా ఆమె చేతిలో చాకూ ఆగిపోతోంది. తమ ఊరి మళ్ళలో ఊడుపు పాట ఇలాగే ఆగేది. పాట ఎత్తుకున్న మనిషి ఊపిరి తీసుకునే చోట వరసలో ఊడ్చే ఆడవాళ్ళంతా అందుకోవాలి. పెళ్ళయిన కొత్తలో పాట ఎత్తుకునేది తనే.

"ఎవలమ్మా ఈవిడ?"

"ఎడ్నా విన్‌ట్రిప్ అని, బ్రిటన్‌లో జానపద గాయని అత్తయ్యా. నా రీసెర్చి ఈవిడ మీదే. రేవులో చేపలు కోస్తూ పాటలు నేర్చుకుందట. రికార్డులిచ్చింది, ఊరూరా పాడింది. పెళ్ళయ్యాక బోలెడన్ని ఏళ్ళు ఖాళీ. ముసలితనంలో మళ్ళీ పాడింది. మధ్యలో సంగతి ఏ పుస్తకం చూసినా ఒకటే ముక్క, 'కొన్నాళ్ళు పాడడం మానేశారు' అని. పాత పేపర్లన్నీ వెతికాను. ఏమీ లేదు."

"పేపర్లలో ఏటుంటాది? వంటింట్లో వెతకాల."

అమూల్య నవ్వింది. నవ్వి, ఎందుకో పెన్ను తీసుకుంది.

అంతలో విష్ణు ఆఫీసు నుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనుషుల్ని ఎగరేసుకుపోతున్న రోజులు. జురాంగ్ ఈస్ట్ రైలు స్టేషన్ నుంచి ఫ్లాటు దాకా సెల్‌ఫోనులో మాట్లాడుతూనే నడిచొచ్చి, బూట్లు విప్పుతూ అన్నాడు.

"వచ్చే నెల అమ్మ వెళ్ళిపోతే పాపని ఎవరు చూస్తారు అమూల్యా? ఈ ప్రాజెక్టులో నేను కదిలే వీల్లేదు. నువ్వు రీసెర్చి కొన్నాళ్ళు ఆపితే ఏం పోయింది? ఆ పాటల ముసలమ్మ ఎక్కడికీ పారిపోదు కదా. లేదంటే అమ్మ వీసా పొడిగిద్దాం. ఏమ్మా?"

అమూల్య అత్తగారి వైపు చూసింది. అడగలేక అడుగుతున్న ఆ చూపు కుమారమ్మకి తెలుసు. సరే అనడం ఎంతసేపు? కోడలి చదువు నిలబడుతుంది. తన చదువు మాత్రం ఆగిపోతుంది. భర్త పోయాక ఊళ్ళో రాత్రిబడిలో చేరి, గుణింతాలు దాటి ఒత్తుల దాకా వచ్చింది. పాప పుట్టిందని అది వదిలేసి ఈ దేశం వచ్చింది. ఎవరో ఒక ఆడది ఆగితే తప్ప ఈ ఇల్లు నడవదా?

టేపులో ఎడ్నా చరణం ముగించి ఊపిరి తీసుకుంది. ఆ ఖాళీలోకి కుమారమ్మ గొంతు దానంతటదే లేచింది. ఊడుపు పాట పల్లవి. మొదట జీర, తర్వాత నిండుగా.

విష్ణు బూటు చేత్తో పట్టుకుని నోరు తెరిచాడు. "అమ్మా! నీకు పాటలొచ్చా?"

ఆమె చేతులు తుడుచుకుని వచ్చి, పాపని తీసి అతని ఒళ్ళో పెట్టింది. "వచ్చే నెల నానెల్పోతాను. సాయంత్రాలు దీన్ని నువ్వే సూసుకో."

"అది కాదమ్మా, కొన్నాళ్ళే కదా అన్నాను..."

"నువ్వు పుట్టినప్పుడు మీ నాన్నా కొన్నాళ్ళే అన్నాడ్రా."