సీటు కింది నాబ్

"ట్రాక్టర్ లిఫ్ట్ పైకి లేచింది, దిగడం లేదు. ఒకసారి వస్తావా?" అని అక్క ఫోన్ చేసింది. ఒకప్పుడైతే నాలుగు చీవాట్లు పెట్టి, ఏం చెయ్యాలో ఫోన్లోనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు "వస్తున్నా" అని చెప్పి పెట్టేశాను. పదకొండు నెలలుగా నేను ఎవరికీ ఫోన్లో రిపేరు చెప్పడం లేదు.

నేను ట్రాక్టర్ మెకానిక్‌ని. కోపం నా ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు, ఉంటుంది మరి. పద్ధతిగా నూనె మార్చరు, గ్రీజు పెట్టరు, ఆగిపోయాక మాత్రం నా ప్రాణం తీస్తారు.

వెళ్లేసరికి పెరట్లో బావ ట్రాక్టర్ ఉంది, వెనకాల నేల దున్నే బ్లేడ్ల రోటవేటర్ నడుమెత్తులో వేలాడుతోంది. నాలుగు క్వింటాళ్ల ఇనుము. బావ పోయాక ఆ బండి ట్రాలీ లాగడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. ఈ రోజే మొదటిసారి అక్క రోటవేటర్ తగిలించుకుంది. మబ్బు కమ్ముకొస్తోంది, రెండు రోజుల్లో నేల దున్నకపోతే ఈ ఏడు పంట లేనట్టే. వసారాలో బావ తల్లి విత్తనాలు ఏరుతోంది. నన్ను చూసి పలకరించలేదు.

లిఫ్ట్ దిగకపోతే మొదట చూడాల్సింది సీటు కింద ముందువైపు ఉండే నాబ్. రోడ్డు మీద వెళ్లేటప్పుడు బరువు జారకుండా దాన్ని బిగిస్తారు, తరవాత విప్పడం మర్చిపోతారు. పది కేసుల్లో ఎనిమిది అదే. నాకు ఇరవై ఏళ్లుగా తెలిసిన సంగతి. అయినా నేను ముందు నూనె గేజీ తీసి చూశాను. నూనె బాగానే ఉంది. ఫిల్టర్ విప్పి కడిగాను, అదీ శుభ్రంగానే ఉంది. లిఫ్ట్‌ని ఎత్తి దించే లివర్‌కి నాలుగు సార్లు గ్రీజు పూశాను.

"నీ దుంప తెగ, దిగవే," అని బండిని తిట్టాను.

అక్క పక్కనే నిలబడి చూస్తోంది. "సీటు కింద చూడవేంరా?" అంది.

చెయ్యి పెట్టాను. నాబ్ పూర్తిగా బిగించి ఉంది. దాని చుట్టూ బైండింగ్ వైరు పది పన్నెండు చుట్లు చుట్టి, కొసలు మెలేసి, పైన గుడ్డ కట్టి ఉంది.

"ఎవరు కట్టారు ఇది?"

"నేనే. ఎవరూ మళ్లీ తిప్పకూడదని కట్టాను. లిఫ్ట్ ఎందుకు దిగడం లేదో నాకు తెలుసురా. విప్పడానికి చెయ్యి రాలేదు. అందుకే నిన్ను పిలిచాను."

పదకొండు నెలల కిందట ఓ మధ్యాహ్నం నేను ఇంకో బండి ఇంజిన్ విప్పి చెమటలు కక్కుతుంటే అక్క ఫోన్ చేసింది. లిఫ్ట్ దిగడం లేదంది. "సీటు కింద నాబ్ ఉంటుంది, ఎడమకి తిప్పు. ఇన్నేళ్లు సంసారం చేసి ఇది కూడా తెలీదా?" అని కసిరి పెట్టేశాను. బయటివాళ్లకి చెప్పేటప్పుడు ముందు ఒక మాట అడిగేవాణ్ణి: కింద ఎవరూ లేరు కదా? లివర్ దించే వైపు ఉండగా నాబ్ విప్పితే బరువంతా ఒక్కసారిగా పడిపోతుంది. అక్కే కదా అని ఆ ఒక్క మాట అడగలేదు. బావ కింద దూరి బ్లేడ్లకి చుట్టుకున్న గడ్డి కోస్తున్నాడు.

ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. నాబ్ తిప్పింది తనేనని అక్క అందరికీ చెప్పింది. నా ఫోన్ సంగతి మాత్రం ఎత్తనే లేదు. నేనూ ఎత్తలేదు. చెబితే నా షెడ్డుకి ఎవరొస్తారని భయం. మొగుణ్ణి చేతులారా చంపుకుందని జనం నా ముందే అన్నారు. స్పానర్ తుడుచుకుంటూ విన్నాను. సిగ్గులేని బతుకు నాది.

ఆ వైరు చూశాక ఇక నావల్ల కాలేదు. వసారా దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"అత్తయ్యా, ఆ రోజు అక్కని నాబ్ తిప్పమన్నది నేను. ఫోన్లో చెప్పాను. బావ ఎక్కడున్నాడని అడగలేదు. తప్పు నాది."

ఆవిడ చేటలోంచి తల ఎత్తలేదు.

"నాకు తెలుసు," అంది. "మీ అక్క చేతులకి గ్రీజు ఉంటే ఆ ఫోన్ దాని చెవి దగ్గర పట్టుకున్నది నేనే. నువ్వు కసరడం నాకూ వినబడింది. ఏమంటున్నాడు వాడు, అని మావాడు కింద నుంచి అడుగుతూనే ఉన్నాడు. ఇది తిప్పేసింది."

అరుగు మీద కూర్చున్నాను.

"మరి ఇన్నాళ్లూ ఎవరికీ..."

"చెబుతానన్నాను. తమ్ముడి పొట్ట కొట్టొద్దని నా కాళ్లు పట్టుకుంది. నువ్వే వచ్చి చెబుతావని ఇన్నాళ్లు చూశాను. దినానికి వచ్చావు, అన్నం తిని వెళ్లావు." విత్తనాల్లోంచి ఒక రాయి తీసి పక్కన పారేసింది. "నాకు చెప్పి ఏం లాభం అబ్బాయ్? నాలుగిళ్లలో చెప్పు. మాటలు పడుతోంది అది."

"చెబుతాను," అన్నాను.

"ముందు ఆ ఇనుము దించు. వానొచ్చేస్తుంది."

లేచాను. బరువు ఒక్కసారిగా పడకుండా లివర్ పైకి నెట్టాను. రోటవేటర్ కింద రెండు వైపులా చెక్క దిమ్మలు పేర్చాను. ప్లయర్‌తో వైరు తెంచుతుంటే రెండు సార్లు జారింది. అక్క వచ్చి వైరు కొస పట్టుకుంది. చివరి చుట్టు ఊడింది.

నాబ్ మీద చెయ్యి వేసి ఆగాను.

"కింద ఎవరూ లేరు కదా?" అని అడిగాను.

అక్క నా వంక చూసింది. ఆ మాటకి పదకొండు నెలలు ఆలస్యమైందని ఆ చూపులో ఉంది.

"లేరు," అంది.

అయినా వెనక్కి వెళ్లి, మోకాళ్ల మీద వంగి, బ్లేడ్ల కింద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నేనే చూసుకున్నాను. అప్పుడు తిప్పాను.