చీనీతోట కవికి శాలువా

‘మూడూర్ల కవి కుటుంబం’ అనే వాట్సాప్ గ్రూపులో ఇంతవరకు చెడ్డ కవిత పుట్టలేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కవులంతా అందులోనే ఉన్నారు. పాలు పితికే వేళకే మొదలుపెడతారు. ఒకరు ఉషోదయం మీద రాస్తారు, ఇంకొకరు అమ్మ మీద రాస్తారు, మూడో మనిషికి ఏమీ తోచక ఉషోదయం లాంటి అమ్మ మీద రాస్తాడు. ప్రతిదాని కింద అద్భుతం, అమోఘం, మీ కలానికి వందనం అని పడతాయి. వాటి కింద చేతులు చప్పట్లు కొడతాయి, పూలు పూస్తాయి. తనను పదిమంది మెచ్చాలంటే తాను పదిమందిని మెచ్చాలి. మెచ్చడానికి ముందు చదవాలన్న నియమం లేదు.

గ్రూపును నడిపేది ప్రొద్దుటూరులో ఫొటో స్టూడియో పెట్టుకున్న గోవిందు. ఆయన పెట్టిన కట్టుబాటు ఒక్కటే. ఇక్కడ ప్రోత్సాహమే తప్ప విమర్శ, సలహా, ప్రశ్న ఉండకూడదు. కుటుంబమన్నాక ప్రశ్నలేమిటని ఆయన వాదన. ఆయనది ఎట్లాంటి కుటుంబమో మరి.

వెంకటప్ప ఇందులో పడింది పెళ్లాం చచ్చిపోయినందువల్ల. ఆయనది వేంపల్లె పక్కన పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. చదువు ఊరిబడితో ఆగిపోయింది. నిరుడు సంజీవమ్మ పోయాక, గొర్రెలమ్మడానికి ప్రొద్దుటూరు వచ్చిన రోజు, ఆధార్ కార్డు మీది ఆమె బొమ్మను పెద్దది చేయించడానికి గోవిందు స్టూడియో ఎక్కాడు. ఫొటో కింద ఏం రాయమంటావని గోవిందు అడిగాడు. స్వర్గస్థురాలు అని గాని, పతివ్రత అని గాని అందరూ రాయించుకుంటారని చెప్పాడు. వెంకటప్ప ‘నీళ్లు మోసిన మనిషి’ అని రాయమన్నాడు. గోవిందు కళ్లు తుడుచుకున్నాడు. ఆయన కళ్లు తడవడానికి పెద్ద కారణం అక్కరలేదు. నువ్వు కవివప్పా అని, అడక్కుండానే ఫోన్ నంబరు గ్రూపులో కలిపేశాడు.

వెంకటప్ప కొన్నాళ్లు గొర్రెల వెంట తిరుగుతూ అన్నీ చదివాడు. ఆ గ్రూపులో వచ్చినవి వచ్చినట్టు చదివేవాళ్లు ఆయన కాక ఇంకెంతమంది ఉన్నారో తెలియదు. ఒకరోజు ఒక కవిత కింద, ఇది మొన్న పెట్టిందే అని రాశాడు. నిజంగానే మొన్న పెట్టిందే. గోవిందు వెంటనే ఫోన్ చేసి, మనసులు నొప్పించొద్దన్నాడు. మొన్న అద్భుతమన్నవాళ్లు ఈరోజు కూడా అద్భుతమంటున్నారు, వాళ్లకు లేని నొప్పి నీకెందుకన్నాడు. సరేనని వెంకటప్ప మళ్లీ గొర్రెల వెంట పోయాడు.

గ్రూపులో అందరికంటే ఎక్కువ చప్పట్లు పడేది శాంతిమిత్రకు. అది కలంపేరు. అసలు పేరు నారాయణ. ప్రొద్దుటూరులో పెద్ద కాంట్రాక్టరు, గ్రూపు తరఫున పెట్టే సభలకు భోజనాలు ఆయనవే. ఈసారి జెడ్పీటీసీ టికెట్టు కూడా ఆయనకే అంటున్నారు. ఆయన వానాకాలం మొదట్లో ఒక కవిత పెట్టాడు.

‘ఓ వృక్షమా, నీవు నా తల్లివి.
నీ కొమ్మ విరిగిన నాడు
నా ఎముక విరిగినట్లు విలపింతును.’

కింద పూలు పూశాయి. ప్రకృతి మీ రూపంలో పలికింది అని ఒకరు, చెట్లు చదవగలిగితే ఏడ్చేవి అని ఒకరు రాశారు. వెంకటప్ప ఫోను కంబళిలో చుట్టి పక్కన పెట్టాడు. ఆ సాయంత్రం గొర్రెలను తోలుకొచ్చేటప్పుడు ఒక్కదాన్ని కూడా అదిలించలేదు. అవే ఇంటికి చేరుకున్నాయి.

నారాయణ ప్రొద్దుటూరుకు రాకముందు పులివెందుల పక్క పెత్తనం చేసినవాడు. అవి ఫ్యాక్షన్ రోజులు. ఎవరు ఎవరికి ఓటేశారో తెలియడానికి పెట్టెలు విప్పే పనిలేదు, తెల్లారి ఎవరి తోట పడిపోయిందో చూస్తే చాలు. వెంకటప్పకు అప్పట్లో వేంపల్లె కాడ ఒక చీనీతోట, అదే బత్తాయితోట, ఉండేది. గొర్రెలు మేపేవాళ్లకు తోటేందని నవ్వినవాళ్లున్నారు. బోరు అందని ఎండాకాలాల్లో సంజీవమ్మ కడవలతో నీళ్లు మోసి మొక్కలను నిలబెట్టింది. మొదటి కాపు కోతకు వచ్చినప్పుడు, ఎలక్షన్లు అయిపోయిన వారంలో, మోకాలెత్తున రంపంతో కోసేశారు. వరసకు వరస. ఒక్కటి మిగలలేదు.

స్టేషన్లో ‘గుర్తు తెలియని వ్యక్తులు’ అని రాసుకున్నారు. రాసుకున్న హెడ్ కానిస్టేబులుకు కూడా ఆ వ్యక్తుల పేర్లు తెలుసు. తర్వాత పెద్దమనుషులు రెండు వర్గాలనూ కూర్చోబెట్టి రాజీ చేశారు. రాజీ అయ్యాక ఎవరూ ఎవరి పేరూ ఎత్తకూడదు. ఎత్తినవాడే రాజీ తప్పినవాడవుతాడు, కోసినవాడు కాడు. అది ఈ పక్క ఆచారం.

సంజీవమ్మ ఆ మొద్దులను వదల్లేదు. చిగుర్లు వేస్తే మళ్లీ నీళ్లు పోసింది. మొద్దు అంటుకట్టిన చోటిదాకా ఎండిపోతే కిందినుంచి వచ్చేది చీనీ కాదు, వేరుకున్న జంబేరి, అంటే అడవినిమ్మ. ముళ్లు, పుల్లటి కాయలు. అవి కాసిన రోజు ఆమె ఒక కాయ కొరికి ఉమ్మేసి, అప్పటినుంచి ఒకటే అడిగేది. ఆ నారాయణ పేరు నలుగురిలో ఒక్కరన్నా గట్టిగా చెప్పే రోజు వస్తుందా అని. పరిహారం అడగలేదు, పగ అడగలేదు. ఆ రోజు చూడకుండానే పోయింది. వెంకటప్పకు ఇప్పుడు మిగిలిన పని అది ఒక్కటే. అది కూడా చెయ్యకపోతే ఫొటో ముందు కూర్చుని అన్నం తినడం కష్టంగా ఉంది.

ఎముక విరిగిన కవిత వచ్చిన మరునాడు ఆయన గ్రూపులో తన మొదటి కవిత పెట్టాడు.

‘ఏండ్లు నీళ్లు మోసింది.
కాయ పట్టింది.
తెల్లారి చూస్తే మోకాలెత్తున మొద్దులు.
కోసినోని చేతికి
మా కాయల రసం అంటుకొని ఉంటాది.
కడుక్కున్నాడో లేదో.’

పేరు పెట్టలేదు. పెట్టబోయాడు, వేలు సాగలేదు. చదివినవాళ్లకు అర్థమవుతుందిలే అనుకున్నాడు. ఆ గ్రూపులో చదివేవాళ్లుంటారని నమ్మడం ఆయన చేసిన మొదటి పొరపాటు.

పూలు గంపలతో పడ్డాయి. ఇంతవరకు ఒక్కమాట రాయనివాళ్లు కూడా వచ్చి చేతులెత్తి మొక్కారు. గ్రూపులో రెండు పార్టీలవాళ్లూ ఉన్నారు. అటువాళ్లకు ఇది ఇటువాళ్లు నరికిన తోట, ఇటువాళ్లకు అటువాళ్లు నరికిన తోట. రెండు పక్కలా నరికినవాళ్లే గనక, ఎవరికి వాళ్లు ఇది ఎదుటివాళ్ల మీద రాసిందని గట్టిగా నమ్మి మెచ్చుకున్నారు. అందరికంటే ముందు మెచ్చుకున్నది శాంతిమిత్ర. ‘కన్నీరు ఆగలేదు సోదరా. ఇట్టి దుర్మార్గుల చేతులు విరిగిపోవుగాక’ అని రాసి కింద ఒక ఏడుపు బొమ్మ పెట్టాడు.

వెంకటప్ప ఆ మాట పదేపదే చూశాడు. తన చేతులను తానే తిట్టుకున్న మనిషిని ఆయన ఎక్కడా చూసి ఉండలేదు.

ఒక్క షాహీదాబీ మాత్రం మెచ్చుకోలేదు. ఆమె జమ్మలమడుగులో జాకెట్లు కుడుతుంది, అప్పుడప్పుడు నాలుగు లైన్లు రాస్తుంది. ఆమె రాసింది ఇంతే: ‘ఎవురు కోసింది మామా?’

గోవిందు వెంటనే ఆమెను మందలించాడు. కవితలో రసం చూడాలి గానీ విచారణ చేయకూడదమ్మా అని రాశాడు. దానికి కూడా చప్పట్లు పడ్డాయి.

నాలుగు రోజులకు గోవిందు ఫోన్ చేశాడు. శ్రావణమాసంలో ప్రొద్దుటూరు కల్యాణమండపంలో కవి సమ్మేళనం పెడుతున్నారని, ఉత్తమ కవిగా వెంకటప్పకు నారాయణన్న చేతుల మీదుగా శాలువా అని చెప్పాడు. నారాయణన్నే పట్టుబట్టి ఈ కవిత కావాలన్నాడని చెప్పాడు. ఒక్క క్షణం వెంకటప్పకు, ముసలితనంలో మనసు మారిందేమో, అందరి ముందర ఒప్పుకుంటాడేమో అనిపించింది. గోవిందు ఆ క్షణాన్ని ఎక్కువసేపు ఉండనియ్యలేదు.

“ఎదుటోల్ల మింద బలే కొట్నావప్పా. టికెట్టు టయానికి బాగా అందుకొచ్చింది. అన్న శానా సంతోషపడ్తాండాడు.”

వస్తానని వెంకటప్ప చెప్పాడు.

సభ ముందురోజు గోవిందు ఆ కవితను గ్రూపులో మళ్లీ పెడితే, పాత పూలూ, శాంతిమిత్ర కన్నీరూ, షాహీదాబీ ప్రశ్నా మళ్లీ పడ్డాయి. సభరోజు మండపం బయట పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో నారాయణ బొమ్మ మనిషంత ఉంది. గోవిందు బొమ్మ తలకాయంత ఉంది. కవులు అడుగున, చీనీకాయలంత, వరసగా ఉన్నారు. లోపల కవులు ఒకరి తర్వాత ఒకరు చదివారు. చదివినవాళ్లు దిగి వచ్చి ఫోన్లలో తమ ఫొటోలు ఎట్లా వచ్చాయో చూసుకుంటుంటే, పైనవాళ్లు చదువుతున్నారు. కవిత అయిపోయిందని గొంతు తీరును బట్టి తెలుస్తుంది, అప్పుడు చప్పట్లు కొడతారు. షాహీదాబీ మూడో వరసలో కూర్చుంది. ఆమె చేతిలో ఫోను లేదు.

వెంకటప్పను పిలిచారు. నారాయణ తెల్లచొక్కా మీద కండువా సర్దుకుని, శాలువా సగం విప్పి పక్కన నిలబడ్డాడు. గోవిందు కెమెరా ఎత్తాడు. వెంకటప్ప కాగితం తేలేదు. గొర్రెలను పిలిచే గొంతుతో, తొందరపడకుండా చెప్పాడు. కడుక్కున్నాడో లేదో అన్నదగ్గర ఆగలేదు.

“కడుక్కోలేదు. ఆ చెయ్యి ఈడే ఉండాది. నారాయణది. ఈయన్దే.”

గొంతు దిగింది గనక చప్పట్లు మోగాయి. వెనక వరసల్లో గట్టిగానే మోగాయి. ముందు వరసలో చేతులు మొదట ఆగాయి, వాటిని చూసి రెండో వరస ఆగింది. ఎవరో ఒకాయన మాత్రం ఫోను చూసుకుంటూ ఇంకా కాసేపు కొట్టి, పక్కవాడు మోచేత్తో పొడిస్తే తలెత్తాడు.

నారాయణ మొహంలో నవ్వు చెదరలేదు. ఎన్నో సభలు చూసిన మొహమది. శాలువాతో దగ్గరికొచ్చి, మైకుకు వినపడకుండా వెంకటప్ప చెవిలో ఏదో అడిగాడు. బెదిరింపేమో అని షాహీదాబీ లేచి నిలబడింది. బెదిరింపు కాదు. ఆ మనిషికి నిజంగానే గుర్తులేదు, తెలుసుకుందామని అడిగాడు. అందుకే వెంకటప్పకు కోపం కూడా రాలేదు. రావాల్సిన చోటు దాటిపోయింది. ఆయన మైకు వైపు తిరిగి, సభకు తెలియజేసినట్టు తెలియజేశాడు.

“నీది ఏ తోటప్పా అని అడుగుతాండాడు. వేంపల్లె కాడిదా, గండి కాడిదా అంట.” తర్వాత నారాయణ వైపు తిరిగాడు. “మాది వేంపల్లె కాడిది. గండి కాడిది ఎవురిదో నాకు తెల్దు.”

సభలో గండి క్షేత్రం పక్క పల్లెవాడు ఒకాయన ఉన్నాడు. ప్రతిరోజూ శాంతిమిత్ర కవితలకు పూలు పెట్టే మనిషే. ఆయన లేచి కండువా దులుపుకుని బయటికి పోయాడు. ఎవరూ అడ్డం పోలేదు. గోవిందు మైకు లాక్కుని, కవులన్నాక ఆవేశం సహజమని, భోజనాలు సిద్ధంగా ఉన్నాయని ప్రకటించాడు. ఆ రోజు ఆయన చెప్పినవాటిలో సభ మొత్తం శ్రద్ధగా విన్నది అదొక్కటే. శాలువా నారాయణ చేతుల్లోనే ఉండిపోయింది. వెంకటప్ప మెట్లు దిగి, తిండి ముట్టకుండా బస్టాండుకు నడిచాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఫోను తీశాడు. గోవిందు మళ్లీ పెట్టిన తన కవిత అక్కడే ఉంది. దాని కింద ఉన్నవి ఒక్కొక్కటే పోతున్నాయి. అద్భుతం అన్నవాళ్లు అద్భుతాన్ని తీసుకుంటున్నారు, వందనం అన్నవాళ్లు వందనాన్ని. తీసేసిన ప్రతిచోటా, ఈ సందేశం తొలగించబడింది అని బూడిదరంగు అక్షరాలు మిగులుతున్నాయి. పైనుంచి కిందికి వరసగా, అన్నీ ఒకే ఎత్తున. వెంకటప్పకు అట్లాంటి వరస చూడటం కొత్త కాదు. శాంతిమిత్ర కన్నీరు కూడా పోయింది. దీన్నిబట్టి ఒక సంగతి మాత్రం తేలింది. ఆ కవితను ఇప్పుడు అందరూ చదివారు.

మధ్యలో ఒక్కటి మాత్రం అట్లే నిలబడి ఉంది: ‘ఎవురు కోసింది మామా?’

ఆయన దానికి జవాబు కొట్టాడు. ఈసారి వేలు సాగింది. ‘పులివెందుల పక్క పెత్తనం చేసిన నారాయణ. శాంతిమిత్ర అని రాసేదీ ఆయనే.’ పంపిన కాసేపటికే, మిమ్మల్ని గ్రూపు నుంచి తీసేశారని ఫోను చెప్పింది. తీసేసినా పాతవి కనపడుతూనే ఉంటాయని ఆయనకు తెలియదు. మంచిదే అని జేబులో పెట్టుకున్నాడు.

వేంపల్లెలో దిగేసరికి షాహీదాబీ ఫోన్ చేసింది. నవ్వు ఆపుకుంటూ మాట్లాడింది.

“మామా, నువ్వు పెట్టిన పేరు ఇంగా ఆడే ఉండాది. గోవిందన్నకు నిన్ను తీసేసేది తెల్సు గాని, దాన్ని తీసేసేది తెల్దంట. యట్లా తీసేది అని గ్రూపులోనే అడుగుతాండాడు.”

“ఎవురన్నా చెప్పినారా?”

“ఎవురూ చెప్పల్యా. అందురూ చూస్తాండారు.”

దాని కింద అద్భుతమని ఎవరైనా రాశారా అని వెంకటప్ప అడిగాడు. లేదంది. ఆయన సరే అని పెట్టేసి, చీకటిపడకముందే గొర్రెలను లోపలికి తోలాలని ఇంటిదారి పట్టాడు.