దిగేందుకు ఒకటే దారి

బట్లహళ్ళి నుంచి చింతామణి వచ్చే బస్సులో రామాంజినప్ప ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. రెండో కాలు మోపడానికి చోటు లేదు. ఎవరిదో గంప మోకాలికి ఒత్తుకుంటోంది.

"మామా, నువ్వు చెప్పే కన్‌ఫైన్డ్ స్పేస్ ఇదే గదా?" అన్నాడు వెనక నుంచి మునినారాయణ. అతను రామాంజినప్ప చెల్లెలి కొడుకు. టమాటా గుజ్జు తీసే ఫ్యాక్టరీలో ఇద్దరిదీ ఒకే షిఫ్టు.

"కాదప్పా. కిటికీలుండాయి, రెండు తలుపులుండాయి. ఇది ఇరుకు, అంతే."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. రామాంజినప్ప నవ్వలేదు. భార్య అంజనమ్మ తన వంటింటిని ఆ పేరుతో పిలిచినా అతను ఒప్పుకోలేదు. దిగడానికీ ఎక్కడానికీ ఒకటే దారి, ఆడని గాలి, మనుషులు మసలడానికి కట్టని చోటు. అలాంటిదాన్నే ఆ మాటతో పిలవాలని పోయిన ఏడాది ఫ్యాక్టరీలో తర్ఫీదు ఇచ్చినవాళ్లు చెప్పారు. మూడో తరగతి దాటని అతను నెల రోజులు ఆ మాట పలుకుతూ తిరిగాడు. అంతకుముందు ఇరవై ఏళ్లు బావుల్లో పూడిక తీశాడు. అడుగున కళ్లు తిరిగినప్పుడల్లా దయ్యమనుకుని, పైకొచ్చి దిష్టి తీయించుకునేవాడు. అన్నేళ్ల భయానికి ఒక పేరుందని యాభై దాటాక తెలిసింది.

పదకొండింటికి ఫ్యాక్టరీలో, తొక్కలూ గింజలూ కుళ్లే నేలతొట్టిలో పైపు మూసుకుపోయింది. గేటు బయట లారీలు ఆగిపోయాయి. సూపర్‌వైజర్ దేవరాజ్ పరుగున వచ్చాడు.

"అయిదు నిమిషాల పని. ఎవురన్నా దిగండప్పా."

"ఇది కన్‌ఫైన్డ్ స్పేస్ సార్." రామాంజినప్ప నాలుక తడబడలేదు. "గాలి చూసే మీటరు కావల్ల. నడుముకు తాడు కావల్ల."

"మీటరు రిపేరీకి పోయుండాది. తాడు స్టోర్‌లో ఉండాది, బీగం చెవి ఉండేటోడు ఊర్లోకి పోయినాడు. నాకే పాఠం చెప్తాండావా?"

"తాడొచ్చేదాకా ఆగుదాం సార్."

"టమాటాలు ఆగుతాయా?"

"నువ్వుండు మామా," అన్నాడు మునినారాయణ. "ఊపిరి బిగబట్టుకోని పోయొచ్చేస్తా. బావుల్లో దిగినోడివి, నీకేం ఇంత పిరికితనం?" అడ్డం పెట్టిన చేతిని తోసేసి ఇనుప నిచ్చెన దిగిపోయాడు.

రామాంజినప్ప తొట్టి నోటి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. మూడుసార్లు "ఆఁ" అని వినిపించింది. నాలుగోసారి వినిపించలేదు.

దేవరాజ్ బూట్లు విప్పి దిగబోయాడు. రామాంజినప్ప అతన్ని రెండు చేతులా నడుము పట్టి లాగాడు.

"వద్దు సార్. వెనక దిగినోడు గూడా పోతాడు."

తనకూ దిగాలనే ఉంది. దిగకూడదని తెలుసు. దేవరాజ్ అతని చేతుల్లో పెనుగులాడి, చివరికి ఏడుస్తూ కూలబడ్డాడు. రామాంజినప్ప పట్టు వదల్లేదు. ముఖానికి ముసుగులు తగిలించుకున్న ఫైరింజన్‌వాళ్లు వచ్చేసరికి నలభై నిమిషాలైంది.

వెనకే వచ్చిన పోలీసు ఒక కాగితం తీసి, ఎలాంటి చోటని అడిగాడు. రామాంజినప్ప చెప్పాడు. అతను ఆ రెండు ఇంగ్లీషు మాటలూ అలాగే రాసుకున్నాడు.

అంబులెన్స్ వెళ్లిపోయింది. దిగే ముందు మునినారాయణ విప్పి తగిలించిన చొక్కా వాల్వు చక్రం మీదే ఉంది. నిండా గాలి పోసుకుని ఊగుతోంది.