చిప్పు కోసం ఆపిన మైకు

మా అమ్మ సక్కుబాయి గంటె పట్టుకుంటే పక్కన ఎవరినీ నిలబడనివ్వదు. ఆ రోజు రాయదుర్గం చౌరస్తాలో, నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యి పెట్టి బగారా అన్నం వండుతూ కూడా అంతే. సకల జనుల సమ్మె జోరుగా సాగుతున్న రోజులు. వంటావార్పు అంటే రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, మా రాష్ట్రం మాకిమ్మని అడగడం. మా వాడకట్టంతా అక్కడే ఉంది. నేనూ ఉన్నాను, ఉల్లిగడ్డలు కోస్తూ. సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్ట్ ఇంజనీర్‌ని కదా అని అమ్మ నాకేమీ మినహాయింపు ఇవ్వలేదు.

ఫోన్ మోగింది. లావణ్యక్క. ప్రొద్దుటూరు మనిషి, మా ఆఫీసులో ఒక ప్రాజెక్టుకు లీడ్, గచ్చిబౌలిలో అద్దెకుంటుంది.

"యశస్వినీ, నా లాప్‌టాప్‌లో సెక్యూరిటీ చిప్ కనపడలేదని చెప్తాంది. సాయంత్రం డెమో ఉండాది. ఎట్ల చేసేది?"

ఆ చిప్ మదర్‌బోర్డు మీద గోరంత ఉంటుంది. ఈ మెషీన్ మనదేనని క్లయింట్ నెట్‌వర్క్‌కు హామీ ఇచ్చేది అదే. అది కనిపించకపోతే నెట్‌వర్క్ గడప దాటనివ్వదు. డెమో జరగకపోతే ప్రాజెక్టు పుణె టీమ్‌కు పోతుంది. హైదరాబాద్‌లో రోజూ బంద్‌లేనని క్లయింట్ అప్పటికే గొణుగుతున్నాడు. లావణ్యక్క టీమ్ మొత్తం ఖాళీగా కూర్చోవాలి.

మా మేనేజర్ రామ్మోహనరావు గారికి ఫోన్ చేశాను. చిప్ సమస్య వస్తే మెషీన్‌ను బెంగళూరు పంపడం మా ఆఫీసు ఆనవాయితీ. ఆయన అదే అన్నారు. "నువ్వు ముట్టుకోకమ్మా. పుణె వాళ్లకి అప్పజెప్పేద్దాం. ఆఫీసు గేట్లు మూసేశాం, కొరియర్లు లేవు. అంతా మీవాళ్ల బంద్ పుణ్యమే కదా!"

నాకు ఒళ్లు మండింది. "సాయంత్రానికి నడిపించి చూపిస్తాను సార్," అనేసి ఫోన్ పెట్టేశాను.

లావణ్యక్క ఇంట్లో కరెంటు లేదు. బొగ్గు గనుల్లోనూ సమ్మె కాబట్టి ఊరంతా కోతలే, సాయంత్రం గాని రాదు. అందుకే లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని నడుచుకుంటూ వచ్చింది. షామియానా దగ్గరికొచ్చి ఆగిపోయింది. జెండాలు, నినాదాలు చూసి లోపలికి రావాలా వద్దా అని తటపటాయిస్తోంది.

అమ్మ గంటె ఊపి పిలిచింది. "ఏం పిల్లా, గంత భయపడుతవ్? మేం అన్నం వండుతున్నం, మనుషుల్ని కాదు. రా, కూసో."

చాప మీద కూర్చుని పని మొదలుపెట్టాను. తప్పెక్కడుందో తెలుస్తూనే ఉంది. కరెంటు ఎప్పుడు పోతుందో, ఏ క్షణంలో ఇంటికి పొమ్మంటారో తెలియక సమ్మె మొదలైనప్పటి నుంచి మావాళ్లెవరూ లాప్‌టాప్‌లు ఆపడం లేదు. మూత మూసి సంచిలో వేసుకుపోతారు, మళ్లీ మూత తెరిచి పని చేస్తారు. నిద్రే గాని విశ్రాంతి లేని చిప్పు మొండికేసింది.

బ్యాటరీ ఊడదీశాను. పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టి లోపల మిగిలిన కరెంటంతా పోనిచ్చాను. బ్యాటరీ మళ్లీ పెట్టి ఆన్ చేస్తే చిప్ కనిపించింది. లావణ్యక్క చప్పట్లు కొట్టింది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ మాయం.

ఇక మిగిలింది ఒక్కటే. మెషీన్‌ను నిద్రలేపే మూల ప్రోగ్రామ్ బయోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలి. ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో ఉంది. కానీ చార్జర్ గుచ్చకపోతే ఆ పని మొదలే కాదు. బ్యాటరీ అడుగంటింది కాబట్టి మధ్యలో కరెంటు తొణికితే మెషీన్ చచ్చి ఊరుకుంటుంది. చౌరస్తాలో కరెంటిచ్చేది ఒక్క మైకు జనరేటరే. అదీ చిన్నది, మైకు గట్టిగా పలికినప్పుడల్లా దగ్గుతోంది.

ఆ మైకు సరిగ్గా అప్పుడే మా బాపు చేతికొచ్చింది. బాపు బాలనర్సయ్య రాళ్లు కొట్టిన మనిషి. జీవితంలో మొదటిసారి మైకులో మాట్లాడబోతున్నాడు. వారం నుంచి అద్దం ముందు నిలబడి సాధన చేస్తున్నాడు. అమ్మ నవ్వినా మానలేదు. తెల్ల అంగీ ఇస్త్రీ చేయించుకున్నాడు కూడా.

ఆయన్ను అడగడానికి నాకు నోరు రాలేదు. అయినా వెళ్లి, చిప్పు సంగతి చెప్పి కాసేపు మైకు ఆపమని అడిగాను.

"ఆ చిప్పు కనబడకుంటే ఏమైతది బిడ్డా?"

"పని పుణె పోతది బాపు. మన బంద్ వల్లనే పోయిందంటరు."

బాపు మైకు వంక చూశాడు. అద్దం ముందు పడ్డ శ్రమంతా ఆ చూపులో కనిపించింది. తర్వాత మైకు కింద పెట్టి, జనరేటర్ దగ్గరున్న మనిషితో అన్నాడు. "ఈ వైరు తీసెయ్ తమ్మీ. నా బిడ్డ పని కానియ్."

చార్జర్ గుచ్చాను. తెర మీద గీత మెల్లగా పాకడం మొదలైంది. వెనక నుంచి బాపు గొంతు లేచింది. క్వారీల్లో మందు పేల్చే ముందు చుట్టుపక్కల వాళ్లను కేకేసి హెచ్చరించడం ఒకప్పుడు ఆయన పనే. ఆ గొంతుకు మైకెందుకు!

"గీ కంపెనీల బంగ్లాల కింద మా చెమటున్నది! బంగ్లాలు కూలాలంటలేం. అండ్ల మా పిల్లలకు కుర్చీ కావాలంటున్నం! గా కుర్చీల కూసునే పిల్ల గీడ్నే ఉన్నది, సూడుండ్రి!"

జనమంతా నా వైపు తిరిగారు. తల ఎత్తితే ఏడుస్తానని నేను గీత మీద నుంచి కళ్లు తీయలేదు. అంత గర్వం నాకు డిగ్రీ పట్టా అందుకున్న రోజున కూడా కలగలేదు.

గీత నిండింది. మెషీన్ ఆగి లేచింది. చిప్ కనిపించింది. రీస్టార్ట్ చేశాను, ఉంది. అనుమానంతో మళ్లీ చేశాను, ఉంది. లావణ్యక్క నన్ను వాటేసుకుంది. అమ్మ ఆమె చేతిలో విస్తరి పెట్టి, "తిన్నాకనే పోవాలె," అని హుకుం జారీ చేసింది.

రాత్రి భోజనాల వేళ లావణ్యక్క ఫోన్. స్పీకర్ పెట్టాను. డెమో బాగా జరిగిందట, ప్రాజెక్టు ఇక్కడే ఉంటుందట. ఇంత సమ్మెలో ఎలా కుదిరిందని క్లయింట్ అడిగాడట.

"సమ్మె చేసేవాళ్లే కరెంటిచ్చినారని చెప్పినా. 'ఎవరు వాళ్లు?' అని అడిగె. 'మావాళ్లే' అన్నా."

బాపు కంచం పక్కకు జరిపాడు. ఏదో చెప్పబోతే గాలి తప్ప మాట రాలేదు, పొద్దుటి కేకలకు గొంతు పూర్తిగా పోయింది. అమ్మను చేత్తో తట్టి వీధి వైపు చూపించాడు. మా అమ్మ ఎంగిలి చేత్తోనే లేచి, గడపలో నిలబడి, వాడకట్టంతా వినేలా లావణ్యక్క అన్న మాట చెప్పడం మొదలుపెట్టింది.