చుక్క పొడవకముందే

విజయనగరం ఆసుపత్రి క్యాజువాలిటీలో ఆ మధ్యాహ్నం కాలు పెట్టే చోటు లేదు. భోగాపురం రోడ్డు మీద ఆటో బోల్తా పడిందట, దెబ్బలు తగిలినవాళ్లంతా ఒక్కసారే వచ్చిపడ్డారు. మంచాలు ఖాళీ లేక నీలవేణికి గోడవారన స్ట్రెచర్ మీదే ఈసీజీ తీశారు. పొద్దున వరి కోస్తుండగా మొదలైన నొప్పి ఎడమ భుజం దాటి దవడ దాకా పాకింది. అది గ్యాసు కాదని ఆమెకీ తెలుస్తూనే ఉంది.

ఈసీజీ కాగితం చూడగానే డాక్టరు శ్రావణి ముఖం మారిపోయింది.

"గుండెపోటమ్మా. రక్తనాళంలో గడ్డ అడ్డుపడింది. ఈ మాత్రలు నమిలి మింగేయండి. గడ్డ కరిగే ఇంజెక్షను ఇప్పుడే ఇస్తాం" అని చేతిలో పెట్టి, అవతల ఎవరో కేకేస్తే అటు పరిగెత్తింది.

నీలవేణి మాత్రల వంక చూసింది. ఇవాళ కార్తీక సోమవారం, అందులోనూ ఆఖరిది. నిరుడు మొగుడు బంగారురాజుకి విశాఖలో గుండె ఆపరేషన్ జరిగింది. ఆయన బతికి ఇంటికొస్తే, వచ్చే కార్తీకంలో సోమవారాలన్నీ చుక్క పొడిచేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టనని శివుడికి మొక్కుకుంది. ఆయన బతికాడు. ఈ ఒక్క పూట గడిస్తే మొక్కు తీరిపోతుంది. ఇప్పుడు నోట మాత్ర వేసుకుంటే, ఇచ్చిన ప్రాణాన్ని ఆ దేవుడు తిరిగి అడగడూ? ఇంజెక్షను నోట్లోంచి పోయేది కాదు గనక దానికి దోషం లేదని తనకు తనే తీర్పు చెప్పేసుకుని, మాత్రలు కొంగున ముడేసింది. ఎంత తెలివో చూడండి! చావు పక్కన కూర్చుంటే ఈవిడ దేవుడితో బేరాలాడుతోంది.

"మాత్రలు మింగీసినావా అమ్మా?" సిస్టరు రాధిక అడిగింది.

"మింగీసినాను."

ఆ మాట అన్నదో లేదో, ఛాతీ మీద రోకలి పెట్టి అదిమినట్టయింది. ఒళ్లంతా చెమటలు. చచ్చిపోతానేమోనని నిజంగానే భయమేసింది. అయినా కొంగు ముడి వదల్లేదు.

అంతలో బంగారురాజు వచ్చాడు. చీటీకని, రక్తపరీక్షకని మెట్లెక్కుతూ దిగుతూనే ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి. చెయ్యి ఛాతీ మీద ఉంది.

"మావా, ఏటైనాది? ముందు కూకో!"

"నాకేటీ అవనేదు. ఇంకో సీటీ తేవాలట."

"కూకోమంతన్నాను కదా!"

"నీకు కుదుటపడీదాకా నానెక్కడ కూకుంటానే?" అంటూ వెనక్కి తిరిగాడు. కాళ్లు తడబడ్డాయి.

నీలవేణి స్ట్రెచర్ మీంచి చెయ్యి చాచింది. దేవుడు అడిగే సంగతి తర్వాత, ఈ మనిషిని తనే చంపుకునేలా ఉంది.

"ఆగు మావా! మాత్రలు నాను మింగనేదు. సుక్క పొడవనేదు కదా, నీకోసం మొక్కిన మొక్కు..."

ఆయన గిరుక్కున ఇటు తిరిగాడు. కోపం తన్నుకొచ్చింది.

"ఒసే, నాను సెప్పినానేటే నీ పేనం పెట్టి మొక్కమని? మింగు!"

"నువ్వు కూకుంటే మింగుతాను."

ఆయన ఉన్నచోటనే నేలమీద కూలబడ్డాడు. ఆమె ముడి విప్పి, మాత్రలు నోట్లో వేసుకుని నమిలింది. చేదుకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సిస్టరమ్మా, నాను అబద్ధమాడినాను. మాత్రలు ఇప్పుడే మింగినాను. ముందు మా ఆయన్ని సూడు తల్లీ!"

రాధిక కేకతో శ్రావణి పరిగెత్తుకొచ్చింది. సిస్టరు బంగారురాజు నాడి పట్టుకుంటే, డాక్టరు నీలవేణి మీదికి వంగి సూది ఎక్కించసాగింది.

"కదలకమ్మా!"

"కదల్ను గానీ డాట్రమ్మా, నువ్వు కాస్త పక్కకి జరుగు. ఆయన కూకునే ఉన్నాడో, లేసిపోనాడో సూడాల."