మచ్చుకు మిగిలిన దరువు

గ్రామఫోన్ రికార్డులో ఒక పక్కంతా, ఇరవై నిమిషాలపాటు ఒకే దరువు వాయించడమంటే మాటలు కాదు. డీట్‌లిండ్ డ్రమ్ములమీద వాయించింది. జర్మనీలో వుప్పర్‌టాల్ ఊరి సంతలో బంగాళాదుంపలు అమ్మే ఇంటి పిల్ల, బస్తాలు మోసిన భుజాలు. అయినా సగానికొచ్చేసరికి చేతులు బరువెక్కాయి, దరువు వెంట్రుకవాసి వెనకబడింది. బాస్ గిటారు వాయించే గెర్నోట్ అది కనిపెట్టి తనూ తగ్గాడు. ఇద్దరూ కలిసి మళ్లీ పుంజుకున్నారు. ఆ పాటలో లాభమంటూ ఉంటే అక్కడే ఉందని ఆమె లెక్క.

అచ్చయి వచ్చిన రికార్డును బృందమంతా తాము కాపురముండే పాత పాలకేంద్రంలో కూర్చుని విన్నారు. తగ్గి పుంజుకున్న ఆ చోటు రాలేదు. దరువు ఇస్త్రీ చేసిన దుప్పటిలా సాగిపోయింది.

"ఇది నేను కాదు," అంది.

ఆర్గాన్ వాయించే ఫోల్క్‌మార్ నవ్వాడు. "నువ్వే తల్లీ! మొదట్లో బాగా కుదిరిన టేపు ముక్క కత్తిరించి, రెండు కొసలూ అతికించి, మైకు స్టాండు చుట్టూ తిప్పాం. అదే మళ్లీ మళ్లీ మోగుతుంది. ఇక అలసటా లేదు, తప్పూ లేదు."

"ఎవర్నడిగి?"

"నువ్వు సంతకెళ్లావు. అందరం చేతులెత్తి ఒప్పుకున్నాం."

ఆ ఇంట్లో ఉప్పు కొనాలన్నా చేతులెత్తాల్సిందే. ఆమె గెర్నోట్ వైపు తిరిగింది. "నువ్వూ ఎత్తావా?"

"అందరూ ఎత్తారు కదే..." సిగరెట్టు చుట్టుకుంటూ అతను తలెత్తలేదు.

"అసలు టేపేది?"

"దానిమీదే వేరేది పట్టేశాం," అన్నాడు ఫోల్క్‌మార్. "ఇది యంత్రాల కాలం, డీట్‌లిండ్. నాదీ నాదీ అనడం కొట్టువాళ్ల బుద్ధి."

"మా కొట్లో ఒక్క దుంప చూపించి బస్తా అంటగడితే జనం చెప్పుతో కొడతారు. మీరు మచ్చు ఉంచుకుని నా బస్తా పారబోశారు. పైగా అట్టమీద డ్రమ్స్ డీట్‌లిండ్ అని వేశారే! కత్తెర ఫోల్క్‌మార్ అని వేసుకోకపోయావా, మహానుభావా?"

ఆదివారం కొలోన్ నగరంలో కచేరీ. ఆమె వచ్చింది. కోపం చల్లారిందనుకున్నారు.

ఫోల్క్‌మార్ తలూపగానే మొదలుపెట్టింది. టేపు మీద తిరిగిన ముక్క ఎంతో అంతే వాయించి, డ్రమ్ము పుల్లలు ఒళ్లో పెట్టుకుంది. ఆర్గాన్ కాసేపు ఒంటరిగా నడిచి తడబడింది.

"వాయించు!" అన్నాడు ఫోల్క్‌మార్ పళ్లు బిగించి.

"ముక్క ఇచ్చానుగా. తిప్పుకో."

నేలమీద కూర్చున్న కుర్రకారు అదీ పాటేననుకుని చప్పట్లు కొట్టారు. "ఆహా, ఏం నిశ్శబ్దం!" అని ఒకడు అరిచాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. మైకు లాక్కుంది.

"ఇది పాట కాదు, నా కోపం! రికార్డులో నేను వాయించింది మీరిప్పుడు విన్నంతే. మిగతాదంతా కత్తెర."

చప్పట్లు ఆగాయి. ఆమె డ్రమ్ములు విప్పసాగింది. గెర్నోట్ దగ్గరకొచ్చాడు. "ఆ చోటు నాకు గుర్తుంది. మళ్లీ వాయించి టేపు మీద పట్టిద్దామే."

"గుర్తున్నవాడివి ఆ రోజే నోరు తెరవాల్సింది."

పెద్ద డ్రమ్మును భుజానికెత్తుకుని జనం మధ్య నుంచే నడిచింది. దారివ్వనివాళ్లకు అది తగులుతూనే పోయింది. ఆమె ఎవరికీ క్షమాపణ చెప్పలేదు.